నలుపు తెలుపుల ముద్రణము



ఈ మండపమున గోడలపై నున్న ఛాయాచిత్రములను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మమ్ము కోరిరి. ఇవి మన షోలాపురపు పేటలలో మగ్గములు నెలకొల్పిన పెద్దల చిత్రములు. నిరుడు వీనిని స్కాను చేసి, మామూలు ఇంక్‌జెట్ ప్రింటరుపై ముద్రించితిమి. చూడవచ్చిన ఒక అవ్వ తన పెనిమిటి చిత్రము ముందు నిలిచి, "మా ఆయనకు పచ్చకామెర్లు ఎప్పుడొచ్చినయి, పంతులూ?" అని అడిగినది. అందరును నవ్విరి. మాకు మాత్రము తల వంగినది.

అవ్వ మాట నిజమే. సాధారణముగా ప్రింటరు బూడిదరంగును నల్లసిరాతో మాత్రమే చేయదు; రంగుల సిరాలను కూడ కలుపును. ఆ పాళ్లు రవంత తప్పినచో ఏదో యొక రంగు పైకి తేలును. పైగా ట్యూబులైటు క్రింద సరిగా నున్నది ఎండలో వేరుగా కనబడును.

దీనికి విరుగుడు రాయ్ హారింగ్టన్ అను నాతడు రచించిన క్వాడ్‌టోన్ రిప్ అను సాఫ్ట్‌వేరు. ఇది ఎప్సన్ ప్రింటర్లలో ఒక్కొక్క సిరాను విడివిడిగా నడుపును. 2005లో ఎప్సన్ వారు నలుపుతోబాటు లేతనలుపు, మిక్కిలి లేతనలుపు సిరాలు గల ప్రింటర్లను తెచ్చిరి. అట్టివానికి ఇది మిక్కిలి అనుకూలము.

మగ్గము నెరిగిన మనకు ఇది వింత కాదు. 1839లో ఫ్రాన్సుదేశపు లియాన్ నగరమున జకార్డుగారి రూపమునే నలుపు తెలుపు పట్టుతో నేసిరి. దానికి 24,000 అట్టలు పట్టినవి! ఏ పోగు ఎప్పుడు లేవవలెనో అట్ట చెప్పినట్లు, ఏ సిరా ఎంత పడవలెనో ఇందు 'కర్వు' అను ఫైలు చెప్పును.

ఆ ఫైలును సిద్ధపరచుటయే అసలు పని. ముందు ఒక్కొక్క సిరాను లేతనుండి ముదురువరకు మెట్లుమెట్లుగా, మనము వాడబోవు కాగితముపైననే ముద్రింపవలెను. ఒక మెట్టు దాటిన పిమ్మట సిరా పెరిగినను నలుపు పెరుగదు. కాగితము తడిసి ముద్దయగును. అదియే హద్దు. గంజి ఎక్కువైన పోగు పెళుసై తెగుట మీ యిండ్లలో చూచినదే గదా! హద్దులు వ్రాసిన పిదప 21 మెట్ల పట్టీని ముద్రించి, ఆరనిచ్చి, ప్రతి మెట్టు ముదురును కొలిచి ఆ సంఖ్యల నీయవలెను. అప్పుడు సాఫ్ట్‌వేరు మెట్ల నడుమ ఎగుడుదిగుడులను సవరించును.

మేము తొందరపడి ఆరకముందే కొలిచితిమి. మరల మొదటికి వచ్చితిమి. ఒక కాగితపు కర్వును వేరొక కాగితముపై వాడి మరికొన్ని తావులు పాడుచేసితిమి. నునుపు కాగితమునకు ఒక నలుపు, గరుకు కాగితమునకు వేరొక నలుపు కావలెనన్న సంగతి పదవ తరగతి బాలుడొకడు మాకు చెప్పినాడు. ప్రధానోపాధ్యాయులకు ఇట్టి పాఠములు అప్పుడప్పుడు అవసరమే.

మొన్న ఆ అవ్వను మరల పిలిపించితిమి. ఆమె చిత్రమును వాకిటి వెలుగులోనికి త్రిప్పి చూచి, చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "తలపాగా మడత కూడ కనపడుతున్నది" అన్నది.

ఇంకను ఎన్నో చిత్రములు మీ యిండ్లలో నున్నవి. అట్టకు అంటుకొనినవానిని పెరుకవద్దు. అట్టతోనే పాఠశాలకు తెండు. స్కాను చేసి, ఆనాడే తిరిగి యిచ్చెదము.