ప్రయాణపు ట్రెయిలరునకు తగిన మెట్లు
(సభలో చేసిన ప్రసంగ పాఠము)



అమెరికాలో స్థిరపడిన మన పిల్లలలో కొందరు సెలవులలో కారు వెనుక ట్రెయిలరు తగిలించుకొని విహరించుట కలదు. వారిని చూడబోయిన పెద్దలు విడిదులలో దానిని ఎక్కి దిగవలసివచ్చును. దాని గడప సాధారణముగా నేలకు రెండు మూడడుగుల ఎత్తున ఉండును. వార్ధక్యములో తుంటియెముక విరిగినచో మరల నడచుట ఎంత కష్టమో మనకందరకు తెలిసినదే.

మెట్లు ముఖ్యముగా రెండు విధములు. మొదటివి తలుపు క్రింద చట్రమునకు వ్రేలాడుచు ముడుచుకొనునవి. వీటిపై అడుగిడినంతనే బరువు చట్రముపై పడి, బండి స్ప్రింగులపై ఒరుగును. రెండవవి గడప నుండి మడత విప్పుకొని, తమ కాళ్లను నేలపై ఆనించునవి. ఇవి బరువును నేలకు పంచును గనుక ఊగుట తగ్గును. కాళ్ల పొడవును విడివిడిగా సవరించు వీలుండిన, ఎగుడుదిగుడు నేలపై అనుకూలము. నేల మెత్తనిదైనచో కాళ్ల క్రింద పలక వేయవలెను.

కొనునపుడు చూడవలసినవి నాలుగు: పాదమంతయు ఆను వెడల్పు, తడిసినను జారని గరుకు, గట్టి చేతికమ్మి, అన్ని మెట్లకును సమానమైన ఎత్తు. ఆఖరి మెట్టు ఒక్కటే లోతైనను చీకటిలో అడుగు తప్పును. 300 పౌండ్లు మోయునని వ్రాసియున్నచో, అది సుమారు 136 కిలోలు. మనిషితోపాటు చేతిలోని సామానును కూడ లెక్కింపవలెను.

చక్రములకు అడ్డుదిమ్మలు పెట్టనిదే ఎవరును ఎక్కరాదు. బయలుదేరుటకు ముందు మెట్లు మడిచి బిగించుట మరువరాదు. కొనుటకు పోవునపుడు ఇంటిలోని పెద్దవారిని వెంట తీసుకొనిపోయి, వారిచే ఎక్కించి, దింపించి చూడుడని పిల్లలకు వ్రాయుడు.