మధుమేహ రోగులు – డి విటమిను

మధుమేహము గలవారి ఇంట మందుల పెట్టె నానాటికి బరువగుట మనమెల్లరము ఎరిగినదే. చక్కెరను అదుపులో నుంచు మాత్రలతోపాటు, వారమున కొకసారి మ్రింగు డి విటమిను గుళికయు ఇప్పుడు అందులో చేరుచున్నది. అది చక్కెరను తగ్గించునని కొందరు, బలము నిచ్చునని కొందరు చెప్పుదురు. ఇందు నిజమెంతయో నేడు విచారింతము.

విటమినులు రెండు తెగలు. బి, సి విటమినులు నీటిలో కరగును. మిక్కిలియైనది చాలవరకు మూత్రముతో వెడలిపోవును. ఎ, డి, ఇ, కె విటమినులు కొవ్వులో కరగును. వీనిలో ముఖ్యముగా ఎ, డి విటమినులు శరీరమున నిలువ చేరును. కావున వీని విషయమున అతి పనికిరాదు.

డి విటమినును మన చర్మము సూర్యరశ్మివలన తయారు చేసికొనును. అయినను ఎండకు కొరత లేని మన దేశమున ఈ లోపము విస్తారముగా నున్నది. పగలెల్ల నీడపట్టున గడపుట ఇందుకొక కారణము. మధుమేహ రోగులలో అనేకులకు ఈ విటమిను తక్కువగా నుండుట వైద్యులు గమనించిరి. దానిని భర్తీ చేసినచో వ్యాధియే రాకుండునేమో యను ఆశ కలిగెను.

అమెరికాలో జరిగి, 2019లో ప్రకటింపబడిన ఒక పరిశోధన ఈ ఆశను పరీక్షించినది. మధుమేహపు పొలిమేరలో నున్న 2,423 మందిలో సగము మందికి దినమునకు 4,000 యూనిట్ల డి విటమినును, తక్కినవారికి మందు లేని మాత్రను ఇచ్చిరి. సుమారు రెండున్నర సంవత్సరములలో విటమిను తినినవారిలో నూటికి 24 మందికి, తిననివారిలో 27 మందికి వ్యాధి వచ్చెను. ఈ భేదము కేవలము యాదృచ్ఛికమైనను కావచ్చునని లెక్కలు తేల్చినవి. ఇట్టి పరిశోధనలు మూడింటిని కలిపి 2023లో పరిశీలింపగా కొలదిపాటి మేలు కనబడినది. కాని అది పొలిమేరలో నున్నవారి మాట. వ్యాధి వచ్చిన పిమ్మట ఈ గుళిక మాత్రలకుగాని, ఇన్సులినుకుగాని బదులు కానేరదు.

ఇక ప్రమాదము సంగతి. మన మందుల దుకాణములలో దొరకు గుళిక సాధారణముగా 60,000 యూనిట్లది. వారమునకు ఒక్కటి, అదియు వైద్యుడు చెప్పినన్ని వారములే. పొరపాటున దానిని దినదినము మ్రింగినవారు కలరు. అప్పుడు రక్తమున కాల్షియము హెచ్చును. దప్పిక, అతిమూత్రము, నీరసము, మలబద్ధకము కలుగును. మొదటి మూడును మధుమేహ లక్షణములే గదా! ఇంటివారు చక్కెర హెచ్చినదని తలచి దానికే మందు వెదకుచుండగా, లోపల మూత్రపిండములు చెడవచ్చును. మధుమేహమువలన అవి ముందే బలహీనపడియున్నచో కీడు మరింత అధికము.

కావున లోపమున్నదో లేదో రక్తపరీక్షవలన తెలిసికొనవలెను. ఉన్నచో వైద్యుని సలహాపై తప్పక పుచ్చుకొనవలెను. అది ఎముకల పటుత్వమునకు అవసరము. గుళిక వేసికొను వారమును గోడనున్న క్యాలెండరుపై గుర్తించుకొనుడు. చెప్పిన గడువు తీరిన పిమ్మట, పాత చీటీ చూపి మరల కొనకుడు. దప్పిక హెచ్చి, చక్కెర సరిగానే యున్నచో, కాల్షియమును పరీక్షింపుమని వైద్యుని అడుగుడు. ఔషధమైనను మితి మీరినచో విషమే యగునని మన పెద్దలు చెప్పిన మాట ఈ చిన్న గుళికకును వర్తించును.