గింజలొచ్చాయి, పాఠం మారిందా?

1985లో కాలిఫోర్నియా లెక్కల బోధనకు కొత్త మార్గదర్శకం తెచ్చింది. బట్టీ కాదు, పిల్లలకు అర్థం కావాలన్నది దాని సారం.

పరిశోధకుడు డేవిడ్ కోహెన్ అక్కడ రెండో తరగతి టీచరు ఒకామె పాఠాలు స్వయంగా గమనించి, 1990లో వ్యాసం రాశారు. ఆమెకు పెట్టిన మారుపేరు మిసెస్ ఊబ్లియే. తన బోధన పూర్తిగా మారిందని ఆమె గట్టి నమ్మకం. నిజమే, బల్లల మీదికి లెక్కపెట్టుకోవడానికి గింజలూ కప్పులూ వచ్చాయి, పిల్లలు జట్లుగా కూర్చున్నారు. కానీ గింజలు కప్పులో వేయడమూ ఆమె చెప్పినట్టే, అందరూ ఒకేసారి! ఎందుకలా వేయాలన్న చర్చే లేదు.

ఆమెను తప్పుపట్టడం తేలిక. కానీ సరైన జవాబు తేల్చేది టీచరే అనుకునే మనిషి చేతికి కొత్త సామగ్రి అందింది. లెక్కల్ని తానే మళ్లీ కొత్తగా నేర్చుకునే వీలు మాత్రం పెద్దగా దొరకలేదు.