కోనసీమ గట్లపై పూజాపత్రి

వినాయకచవితి ముందునాటి ఉదయమున అమలాపురము బజారునకు పోయినవారికి దారి పొడవునను పచ్చని ఆకుల కుప్పలు కనబడును. ఒకానొక సంవత్సరము మేము అచ్చట ఒక పత్రికట్టను కొని, ఇంటికి తెచ్చి, అరుగుమీద విప్పి లెక్కించితిమి. పూజావిధానమున చెప్పబడిన పత్రములు 21. కట్టలో మాకు దొరికినవి ఎనిమిది: మామిడి, మారేడు, రావి, జిల్లేడు, గన్నేరు, రేగు, దానిమ్మ, గరిక. అందును సగమునకు మించి మామిడిరెమ్మలే. మరునాడు పురోహితుడు ఒక్కొక్క పేరు చదువుచుండగా బృహతీపత్రమునకును మామిడియే, సింధువారపత్రమునకును మామిడియే సమర్పించితిమి. దేవుడు ఆగ్రహించెనని మేమనుకొనము. కాని ఆ పేర్లు గల మొక్కలు మన ఊరినుండి ఎచ్చటికి పోయినవను ప్రశ్న మాత్రము మమ్ము విడువలేదు.

ఆ 21 పేర్లను నిదానముగా చదివినచో ఒక విశేషము తోచును. మామిడి, దానిమ్మ, జాజి, తులసి, మరువము, మాచి మనము పెంచుకొనునవి. రావి, మారేడు, జమ్మి, మద్ది వృక్షములు. కాని గరిక, ఉత్తరేణి, జిల్లేడు, ఉమ్మెత్త, వాకుడు, విష్ణుక్రాంత మొదలగువానిని విత్తినవారు లేరు, నీరు పోసినవారు లేరు. కలుపని రైతు పెరికి పారవేయునవే ఇందు పెక్కు. ఏడాది పొడవునను అక్కరలేదనుకొన్న మొక్కను ఆ ఒక్కనాడు వెదకి తెచ్చి దేవుని పాదములచెంత ఉంచుచున్నాము.

కోనసీమకు ఈ మాట మరింత వర్తించును. గౌతమీ వసిష్ఠ పాయలకును సముద్రమునకును నడుమనున్న ఈ సీమ, 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై కాలువలు సాగిన పిమ్మట వరిచేలతోను కొబ్బరితోటలతోను నిండినది. ప్రతి సెంటు భూమియు పంటక్రిందికి వచ్చినచోట విత్తని మొక్కకు మిగిలిన తావు చేనిగట్టు, కాలువగట్టు, పుంత. అవియే మన పూజకు పత్రివనములు.

గరికనే చూడుడు. అనలాసురుని మ్రింగిన గణపతికి గరికవలన తాపము చల్లారెనని పురాణగాథ. అందుచేత అయినవిల్లి సిద్ధివినాయకుని ఎదుటనైనను, మన ఇంటి మట్టివిగ్రహము ఎదుటనైనను దానికి తొలిస్థానము. అదే గరిక చేనిలో దిగినచో రైతునకు పెద్ద బెడద. కణుపుకణుపునకును వేరూని ప్రాకును. తెగిన ముక్కయు మరల మొలచును. కాని గట్టుమీద ఆ వేళ్లే మట్టిని పట్టి, వానకు జారిపోకుండ నిలుపును. వాకుడు ముండ్లమొక్కయైనను దాని వేరు ఆయుర్వేదమున దశమూలములలో చేరినది. వావిలాకు కాచిన నీటిని బాలింతల స్నానమునకు వాడుట మన తల్లులకు తెలిసినదే. ఉత్తరేణి గింజ పంచెయంచున అంటుకొని మనతో ఇల్లు చేరును.

పూజ భక్తితోబాటు ఆనవాలు పట్టు కన్నును గూడ కోరును. తులసి విష్ణువునకు ప్రియము; వినాయకునకు చవితినాడు తప్ప సమర్పింపరు. మారేడు శివునిది, మూడు దళములున్నను అది ఒక్క ఆకే. ఘుమఘుమలాడు మొగలిపువ్వు బ్రహ్మపక్షమున అబద్ధపు సాక్ష్యము పలికినదట. అందుచే శివపూజకు సాధారణముగా పనికిరాదు. కార్తికశుద్ధ ద్వాదశినాడు తులసికోటలో ఉసిరికొమ్మను నాటుదురు. ఏ దేవునికి ఏ ఆకో తెలియుటకు ముందు, ఏది ఏ ఆకో తెలియవలయును గదా! ఆ విధముగా పండుగ పిల్లలకు ఏటేట జరుగు వృక్షపాఠమై యుండెను.

అన్ని పత్రములును అందరకు దొరకవు. దేవదారువు హిమాలయములది, దానికి మారుగా నరమామిడి రెమ్మను ఉంచువారు కలరు. గండకీపత్రము ఏదియో పెద్దలలోనే ఏకాభిప్రాయము లేదు. దొరకనిదానికి అక్షతలు సమర్పించు ఆచారము ఉండనే యున్నది. కనుక మామిడిరెమ్మను చేతబట్టి వాకుడని పలుకవలసిన అగత్యము లేదు.

మొక్కలు తరుగుటకు కారణములు కంటికి కనబడుచునే యున్నవి. గట్లు సన్నగిల్లినవి. కలుపుమందు చేనితో ఆగక గట్టుపైకిని ప్రాకినది. సముద్రమునకు చేరువనున్న గ్రామములలో పొలములు పెక్కు రొయ్యలచెరువులైనవి. పుంతలు సిమెంటుబాటలైనవి. ఇందు రైతును నిందింపబనిలేదు; ఆతని బ్రతుకుతెరువు ఆతడు చూచుకొనవలయును. కాని ఆకు ఒక్కటి చాలినచోట కొమ్మలు నరికి మారేడును మోడుచేయుట పూజ కాదు.

ఒక హెచ్చరికయు చెప్పవలసియున్నది. ఉమ్మెత్త, గన్నేరు విషమొక్కలు. జిల్లేడుపాలు కంట పడిన ప్రమాదము. ఇవి త్రుంచిన చేతులను వెంటనే కడుగుకొనవలయును. పూజ ముగిసిన పిమ్మట ఆ పత్రిని పసిపిల్లలకుగాని పశువులకుగాని అందనీయరాదు.

మరుసటి సంవత్సరము మేము కట్టను కొనలేదు. పిల్లలను వెంటబెట్టుకొని కొత్తపేట దారిలో కాలువగట్టున నడచితిమి. గేదెలను కాయుచున్న ఒక వృద్ధుడు తోడువచ్చి, మేము పేరు చెప్పుటయే తడవుగా మొక్కను చూపెను. ఆ పూట మాకు దొరికినవి పదునాలుగు. వాకుడు కోయబోయిన మా చిన్నవానికి ముల్లు గ్రుచ్చుకొన్నది. మరునాడు పూజలో బృహతీపత్రమను మాట వినబడగానే వాడు ఆ వ్రేలిని పైకెత్తి మాకు చూపెను.

రాబోవు చవితికి మీరును ఒక పెద్దను, ఒక పిల్లవానిని వెంటబెట్టుకొని మీ ఊరి గట్టున ఒక్క గంట నడువుడు. దొరికినదానిని ఒక్కొక్క ఆకుగా కోయుడు. దొరకనిదానికి అక్షతలు వేసి, దాని పేరు మాత్రము పిల్లవానికి చెప్పుడు.