డ్రిల్లు మాష్టారి పీరియడు

యానాములో గౌతమీతీరమున సాయంకాలము బంతియాడు బాలురను చూచి, "చదువు మాని ఈ ఆటలేమిటిరా?" అని మందలింపని పెద్దలు అరుదు. బడిలో డ్రిల్లు మాష్టారనినను మనకు కొంత చులకనయే. పరీక్షలు దగ్గరపడగనే లెక్కలకో ఇంగ్లీషునకో మొదట అప్పగింపబడునది ఆయన పీరియడే. అమెరికా కళాశాలలలో బేస్‌బాల్ జట్టునకు ప్రధాన శిక్షకుడగుట గౌరవప్రదమైన వృత్తి. మన తెలుగునాట ఆట నేర్పుటయే జీవితముగా గడిపిన యొక బడిపంతులుగారిని గూర్చి నేడు ముచ్చటింపదలచితిమి. ఆయన హైదరాబాదువాసి సయ్యద్ అబ్దుల్ రహీంగారు.

రహీంగారు 1909లో జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, పాఠశాలలలో ఉపాధ్యాయులుగా పనిచేసిరి. తరువాత హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టునకు శిక్షకులైరి. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుమారులు బొంబాయిలో రోవర్స్ కప్పును గెలిచినది. భారత జట్టు బాధ్యతయు ఆయనకే దక్కెను. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో మనకు బంగారు పతకము లభించినది.

ఆయన నేర్పు విధానము బడిపంతులు విధానమే. అలవాటు లేని కాలితోనే తన్నవలెనని యొక పందెము. బంతిని తనయొద్ద నిలుపుకొనక వెంటనే తోడివాని కందింపవలెనని మరియొక పందెము. వచ్చిన పాఠమునే వల్లించు విద్యార్థి ముందునకు పోడు. రాని పాఠము నెదుర్కొన్నవాడే పోవును. ఈ సంగతి ఎరిగిన ఉపాధ్యాయునకు మైదానమును తరగతి గదియే.

ఓటమియు లేకపోలేదు. 1952లో హెల్సింకి ఒలింపిక్సులో మనవారు పలువురు బూట్లు లేకయే ఆడి, యుగోస్లావియా చేతిలో 10-1 గోల్సతో ఓడిరి. నాలుగేండ్లకు మెల్‌బోర్నులో ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి, నాలుగవ స్థానమున నిలిచిరి. 1960లో రోమునగరమున ఫ్రాన్సుతో 1-1 గా సమానముగా నిలిచిరి. 1954 వరకు యానామును పాలించినది ఆ ఫ్రాన్సే గదా!

1962 ఆగస్టు 16న యానాము చట్టరీత్యా భారతదేశమున విలీనమయ్యెను. ఇరువది దినములైన గడువకమునుపే, సెప్టెంబరు 4న, జకార్తాలో ఆసియా క్రీడల ఫుట్‌బాల్ అంతిమపోటీ జరిగినది. ఎదుట దక్షిణ కొరియా. మొదటి ఆటలో మనలను 2-0తో ఓడించిన జట్టే. చుట్టును లక్షమంది ప్రేక్షకులు. వారిలో అధికులు మనకు ప్రతికూలురు. జర్నైల్ సింగు రక్షణపంక్తి ఆటగాడు. అంతకుముందు ఆటలో తలకు గాయమై కుట్లు పడియున్నను రహీంగారు ఆయనను ముందువరుసకు పంపిరి. మొదటి గోలు పి. కె. బెనర్జీది, రెండవది జర్నైలుది. మనము 2-1తో గెలిచితిమి.

ఆట మొదలైన పిదప శిక్షకుడు గీత దాటి లోపలికి పోరాదు. తాను నేర్పినదానిని నమ్మి బయట కూర్చుండుటయే ఆయన వంతు. మరుసటి ఏడు 1963 జూన్ 11న రహీంగారు క్యాన్సరు వ్యాధితో కన్నుమూసిరి. ఆసియా క్రీడల ఫుట్‌బాలులో నాటి బంగారు పతకమే మనకు కడపటిది. 1960 తరువాత ఒలింపిక్సులో మన పురుషుల ఫుట్‌బాల్ జట్టు మరల ఆడనేలేదు.

ఒక్క మనిషి పోగా ఇంత లోటు ఏర్పడెనని మేము చెప్పబోము. కాని శిక్షకుని వెనుక మరియొక శిక్షకుడు, వాని వెనుక మరియొకడు సిద్ధమగుటకు పునాది ఎచట పడును? మన ఊరి బడిలో, ఎవరికో అప్పగింపబడిన ఆ డ్రిల్లు పీరియడులోనే. ఈ సంవత్సరము పరీక్షల వేళ యానాములోను, మరి ఏ ఊరిలోనైనను తల్లిదండ్రులు బడికి పోయి, ఆ పీరియడు జరుగుచున్నదా యని ఒక్కమాట అడిగిన, మేము ధన్యులము.