ధర దిగిన పిమ్మట కొందము

ద్వారకా నగర్‌లోని పౌర గ్రంథాలయమునకు సాయంకాలము వచ్చు పెద్దలలో కొందరు వార్తాపత్రికను వెనుకనుండి చదువుట మొదలుపెట్టుదురు. స్థలముల ప్రకటనలు, అపార్టుమెంటుల ప్రకటనలు ఆ పుటలలోనే యుండును. ఆ అంకెలను వ్రేలితో తాకుచు చదివి, కళ్లజోడు తీసి, "ఇంకను దిగలేదండీ" అని ప్రక్కవారితో అందురు. ప్రక్కవారు తలయూపుదురు. ఈ మాటను మేము ఆ గ్రంథాలయములో పదమూడు సంవత్సరములు వింటిమి. అందులో సగము పర్యాయములు ఆ మాట పలికినవారము మేమే.

ఇంటి ధర దిగిన పిమ్మట కొందమని ఎదురుచూచుట మేలా, కీడా అను విషయమును గూర్చి నేడు కొంత ముచ్చటింపదలచితిమి. మేము అర్థశాస్త్రవేత్తలము కాము. ఎదురుచూచి కొంత లాభపడి, ఎక్కువ నష్టపడిన కుటుంబీకులము. ఆ అనుభవమే మాకు గల అర్హత.

మేము ఉద్యోగరీత్యా 2008 వ సంవత్సరమున విశాఖపట్నము చేరితిమి. ద్వారకా బస్ స్టేషనుకు నడచిపోదగిన దూరములో మూడవ అంతస్తున ఒక వాటా అద్దెకు తీసికొంటిమి. ఆ యేడే అమెరికాలో ఇండ్ల ధరలు కూలి, లేమన్ బ్రదర్స్ అను పెద్ద సంస్థ దివాలా తీసెను. 2009 జనవరిలో మన సత్యం కంప్యూటర్స్ లెక్కల బాగోతము బయటపడెను. ఇట్టి సమయమున ఇల్లు కొనువాడు వెఱ్ఱివాడని మిత్రులందరును అనిరి. మాకును అట్లే తోచెను. ఆగితిమి.

2014 జూన్‌లో రాష్ట్రము విడిపోయినది. అక్టోబరు 12 న హుద్‌హుద్ తుపాను ఈ నగరముమీద విరుచుకొనిపడినది. కిటికీల అద్దములు పగిలి, చెట్లు కూలి, దినములకొలది దీపములు లేక గడపిన ఆ వారములో, ఇక సముద్రపు గాలి తగులు ఇల్లు కొనువాడెవ్వడని అనుకొంటిమి. సంక్రాంతి నాటికి కిటికీలకు క్రొత్త అద్దములు వచ్చినవి. ధర పాత చోటనే నిలిచియున్నది. 2016 నవంబరు 8 న పెద్ద నోట్లు రద్దయినపుడు, నల్లధనము పోయినది గనుక ఇండ్ల ధరలు సగమగునని చెప్పినవారు కలరు. ధరలు సగము కాలేదు, బేరములు తగ్గినవి. 2020 లో కరోనా వచ్చినపుడును అట్లే జరిగినది.

ఎందుచేత? ఇందుకు రెండు కారణములు మాకు కనబడుచున్నవి. మొదటిది నగరము యొక్క నైసర్గిక స్వరూపము. తూర్పున సముద్రము, ఉత్తరమున కైలాసగిరి, సింహాచలము కొండలు, దక్షిణమున యారాడ కొండ, దాని కొసయగు డాల్ఫిన్ నోస్. నడుమనున్న చదును నేలలో పెద్ద భాగము 1933 లో ప్రారంభమైన నౌకాశ్రయమునకు, నౌకాదళమునకు, రైల్వేకు, విమానాశ్రయమునకు, 1971 లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారమునకు పోయినది. మిగిలిన నేల కొంచెము. దానిని కోరువారు పలువురు. పైగా ఈ నగరమునకు ఏదో ఒకటి రానున్నదని ఎప్పుడును ఒక వార్త యుండును. 2019 డిసెంబరులో కార్యనిర్వాహక రాజధాని అనిరి. 2023 లో భోగాపురము విమానాశ్రయమునకు శంకుస్థాపన జరిగెను. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ డేటా కేంద్రమును ప్రకటించెను. వార్త నిజమగునో కాదో గాని, గజము ధర మాత్రము వార్తతోపాటే లేచి నిలుచుండును.

రెండవది అమ్మువారి స్వభావము. బియ్యము నిలువచేసిన వర్తకుడు పురుగు పట్టునను భయమున ఎంతకో ఒకంతకు అమ్మును. ఇంటికి పురుగు పట్టదు. అమ్ముడుపోనిచో యజమాని అద్దెకిచ్చును, లేదా తాళము వేసి ఊరకుండును. అందువలన మన ఊళ్లలో మందకాలము వచ్చినపుడు ముందుగా తగ్గునది ధర కాదు, బేరముల సంఖ్య.

అట్లని ధరలు ఎన్నడును పడవని చెప్పుట అసత్యము. జపానులో 1991 ప్రాంతమున శిఖరమునకు చేరిన భూముల ధరలు ఆ పిమ్మట పదియేండ్లకు పైగా దిగుచునే పోయినవి. ఐర్లండులో 2007 తరువాత ఆరేండ్లలో ఇండ్ల ధరలు సగమునకు లోబడినవి. ఆమ్‌స్టర్‌డామ్ నగరములో హేరెన్‌గ్రాహ్ట్ అను కాలువ ఒడ్డుననున్న ఇండ్ల ధరలను పీట్ ఐఖోల్ట్స్ అను పండితుడు 1628 నుండి 1973 వరకు లెక్కకట్టెను. ద్రవ్యోల్బణమును తీసివేసి చూడగా, దాదాపు మూడున్నర శతాబ్దములలో ఆ ధరలు ఇంచుమించు రెట్టింపు మాత్రమే అయినవట. ఇల్లు కొన్న ప్రతివాడును కోటీశ్వరుడగునను మాటకు ఇది చక్కని జవాబు.

మన రాష్ట్రములోనే ఉదాహరణము కలదు. 2014 చివర అమరావతి ప్రకటన వెలువడినపుడు ఆ చుట్టుప్రక్కల భూముల ధరలు ఆకాశమునంటెను. మా సహోద్యోగి ఒకరు బ్యాంకు అప్పుతో అచ్చట స్థలము కొని, మమ్ములనుకూడ రమ్మనిరి. మేము వెళ్లలేదు. 2019 డిసెంబరు తరువాత అచ్చటి ధరలు పడిపోయినవి. ఆయన వాయిదాలు మాత్రము పడిపోలేదు. 2024 లో ప్రభుత్వము మారిన పిమ్మట ధరలు మరల లేచినవి గాని, అప్పటికే ఆయన ఆ స్థలమును నష్టమునకు అమ్మివేసిరి. ఎదురుచూచుట మాకు మేలుచేసిన సందర్భమిది.

ఇక లెక్కకు వత్తము. "అద్దె కట్టుట దండుగ" అను మాటను మన పెద్దలు తరచుగా అందురు. ఆ మాట పూర్తిగా నిజము కాదు. 50 లక్షల ఫ్లాటు ఒకటి కలదనుకొనుడు. చేతిలో 10 లక్షలున్నవి. 40 లక్షలు బ్యాంకునుండి 8.5 శాతము వడ్డీకి ఇరువది సంవత్సరములకు తీసికొంటిరి. నెలసరి వాయిదా సుమారు 34,700 రూపాయలు. మొదటి యేడు మీరు కట్టు మొత్తములో 3 లక్షల 37 వేలు వడ్డీకే పోవును. అసలులో తీరునది 80 వేలు మాత్రమే. అదే ఇంటికి నెలకు 15 వేల అద్దె యనుకొన్నచో ఏడాదికి 1 లక్షా 80 వేలు. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు సుంకము, బదిలీ సుంకము, రిజిస్ట్రేషను రుసుము కలిపి 7.5 శాతము గనుక, పూర్తి విలువకు రిజిస్టరు చేయించినచో మరి 3 లక్షల 75 వేలు మొదటి దినముననే ఖర్చగును. అనగా తొలి సంవత్సరములలో అద్దెకుండుటయే చవుక. కాని ఒక్క షరతు: మిగిలిన సొమ్మును నిజముగా మిగుల్పవలెను. ఇంటి ధర ఏటికి నూటికి ఐదు చొప్పున పెరిగినచో, 50 లక్షలమీద ఏడాదికి రెండున్నర లక్షలు. మనము మిగిల్చినది అంతకు తక్కువయైనచో ప్రతి యేడును ఇల్లు మననుండి ఒక అడుగు దూరము జరుగును.

ఎదురుచూచువారు సాధారణముగా గమనింపని సంగతి మరియొకటి కలదు. మన ఊళ్లలో ధరలు మెట్లు దిగినట్లు దిగవు, నిలిచిపోవును. నిలిచిపోవుటయే దిగుట. జీతములును, సరకులును ఏటికి నూటికి ఐదు చొప్పున పెరుగుచుండగా ఇంటి ధర ఐదేండ్లు కదలక నిలిచినచో, దాని నిజవిలువ నూటికి ఇరువదిరెండు దిగినట్లు లెక్క. ప్రత్యేక రాష్ట్రోద్యమము సాగిన 2009–2014 నడుమ హైదరాబాదులో ధరలు చాలవరకు ఇట్లే స్తంభించినవి. ఆనాడు "దిగలేదు, దిగలేదు" అనుచు కూర్చున్నవారు, అప్పటికే దిగిన ధరను గుర్తింపలేక, 2014 పిమ్మట అది లేచినపుడు గుర్తించిరి. మా ప్రక్క వీధిలోని ఫ్లాటు నొకదానిని 2015 లో చూచితిమి. 2018 లో మరల అడిగితిమి. అదే ధర చెప్పిరి. మూడేండ్లలో ఒక్క రూపాయి తగ్గింపలేదని కోపగించి తిరిగివచ్చితిమి. ఆ మూడేండ్లలో మా జీతము పెరిగినదను సంగతి మాకు తోచలేదు.

ఆ 2018 వ సంవత్సరమును గూర్చి చెప్పుట మాకు కష్టము. అయినను చెప్పవలెను.

మా నాన్నగారు పోయిన పిమ్మట మా అమ్మగారు మావద్దకు వచ్చిరి. ఊరిలో పెద్ద లోగిలిలో మసలిన మనిషి. మమ్ములను ఆమె ఎన్నడును ఏమియు కోరలేదు. "మనదంటూ ఒక గుమ్మముంటే ముగ్గు పెట్టుకొందును గదరా, తులసికోటకు ఇంత చోటుంటే చాలు" అని మాత్రము రెండు మూడు పర్యాయములు అనిరి. "ధర దిగనీ అమ్మా" అని మేము బదులు చెప్పితిమి. ఆ యేడు కార్తీకములో ఆమెకు జబ్బు ముదిరెను. ఒకనాటి రాత్రి ఇంటి యజమాని వచ్చి, చాలసేపు నిలుచుండి, "అన్యథా భావించకండి, మా ఇంట పెండ్లి ముహూర్తము పెట్టుకొన్నాము" అనిరి. అంతకు మించి ఆయన చెప్పనక్కరలేదు. మన ఊళ్లలో అద్దె యింటిలో ప్రాణము పోవుటను గూర్చి గల పట్టింపు అందరికిని తెలిసినదే. మరునాడు ఆమెను ఆసుపత్రికి తీసికొనిపోయితిమి. ఆమె ఆ మెట్లు మరల ఎక్కలేదు. ఆ యజమానిని తప్పుపట్టుటకు మాకు నోరు రాలేదు. ఆయన మంచివారే, ఇల్లు ఆయనది. మొదటి చెల్లింపునకై మేము కూడబెట్టిన సొమ్ము ఆ దినమున బ్యాంకులో వడ్డీతో సహా భద్రముగా ఉండెను.

మా లెక్కల పుస్తకములో ఈ పద్దునకు గడి లేదు. ఎదురుచూచుటకు చెల్లించు మూల్యము రూపాయలలోనే యుండునని అనుకొనుట మేము చేసిన పెద్ద పొరపాటు.

2021 లో గృహఋణముల వడ్డీ 7 శాతమునకు దిగువకు వచ్చినపుడు గోపాలపట్నములో ఒక పాత ఫ్లాటు కొంటిమి. అప్పటికి ద్వారకా నగర్ ధర మాకు అందుబాటులో లేదు. వడ్డీ విషయము గమనింపదగినది. 7 శాతమున 40 లక్షల అప్పునకు వాయిదా సుమారు 31 వేలు. 9 శాతమైనచో సుమారు 36 వేలు. 31 వేలే కట్టగలవానికి 9 శాతమున ముప్పదినాలుగున్నర లక్షలకు మించి అప్పు పుట్టదు. ధర నూటికి పది దిగినదని సంతోషించునంతలో వడ్డీ రెండు పెరిగినచో ఆ లాభము హరించిపోవును. మాదియు మారు వడ్డీయే. రిజర్వు బ్యాంకు రెపో రేటు 2020 లో 4 శాతముండి, 2023 ఫిబ్రవరికి 6.5 శాతమైనది, మా గడువు పొడిగినది. 2025 లో రేటు తగ్గినపుడు కొంత ఊరట కలిగినది. వడ్డీ తగ్గినచో పాత ఋణస్థులకును తగ్గును. కాని కొన్న ధర మాత్రము మరల మారదు.

కావున శ్రోతలకు మేము చెప్పదలచినది ఇంతే. ఎదురుచూడవలసిన సందర్భములు కలవు. ఉద్యోగము స్థిరపడనిచో ఆగవలెను. వాయిదా జీతములో మూడవ వంతును మించునట్లున్నచో ఆగవలెను. ఆరు నెలల ఖర్చు చేతిలో మిగులనిచో ఆగవలెను. పత్రములు తేటపడనిచో తప్పక ఆగవలెను. లింకు దస్తావేజులు, ఈసీ, ప్లాను ఆమోదము, క్రొత్త కట్టడమైనచో రెరా నమోదు చూడక ముందడుగు వేయరాదు. సింహాచలము పంచగ్రామములలో భూవివాదము వలన ఇల్లు కట్టుకొనియు అమ్ముకొనుటకు చిక్కులుపడిన కుటుంబములు ఎన్నియో కలవు. చవుకగా వచ్చు ఇంటికి చవుకయగుటకు కారణమేమో ముందుగా అడుగవలెను. ఇక లాభమునకై కొను స్థలమైనచో, ఎంతకాలము ఆగినను దోషము లేదు.

కాని ఉండుటకు ఇల్లు కావలసి, కొనగల శక్తి కలిగి, ధర కొరకు మాత్రమే ఆగువారు తమ నిరీక్షణకు ఒక అంకెను, ఒక గడువును పెట్టుకొనవలెను. ఇంతకు దిగినచో కొందును. ఈ తేదీలోగా దిగనిచో ఉన్న ధరకే కొందును, లేదా ఇక అద్దెయింటనే నిశ్చింతగా ఉందును. ఈ మూడును మంచివే.

గత మాసమున గ్రంథాలయమునకు పోయితిమి. చివరి పుట చదువుచున్న పెద్దమనిషి ఒకరు కళ్లజోడు తీసి, "ఇంకను దిగలేదండీ" అనిరి. "ఎంతకు దిగవలెనని చూచుచున్నారు బాబుగారూ?" అని అడిగితిమి. ఆయన కొంతసేపు ఆలోచించి, ఏ అంకెయు చెప్పక, పత్రికను మడిచి బల్లమీద పెట్టిరి. పదమూడేండ్లు మేమును ఏ అంకెను కాగితముమీద వ్రాసికొనలేదు. ఎదురుచూచుచున్న శ్రోతలు ఈ రాత్రి, నిద్రకు ముందు, ఆ అంకెను వ్రాసి, ప్రక్కన తేదీ వేసి, ఇంటిలోని పెద్దలకు ఒకమారు చూపవలెనని మా మనవి.