బొగ్గు సెస్సుకు లెక్క ఎవరు చెప్పాలి?



ఈ సమావేశాలకు వచ్చిన పత్రాల్లో సింహభాగం బాకూ వాతావరణ సదస్సు గురించే. ధనిక దేశాలు 2035 నాటికి ఏటా సమకూరుస్తామన్న 30,000 కోట్ల డాలర్లు ఏ మూలకని, అందులో గ్రాంటెంత, అప్పెంత అని. ఏ మూలకన్నది న్యాయమైన ప్రశ్నే. కానీ ఇంకా చేతికి రాని సొమ్ము మీద ఇంత పాండిత్యం వెచ్చించే మనం, పర్యావరణం పేరు చెప్పి మన దగ్గరే వసూలు చేసిన సొమ్ము జాడ తియ్యడానికి ఎందుకు బద్ధకిస్తామో నాకు అంతుపట్టదు. అధ్యక్షస్థానం ఇచ్చిన చనువుతో నా పాత పేచీనే మళ్లీ ఎత్తుకుంటున్నాను.

2010లో టన్నుకు 50 రూపాయలతో మొదలైన బొగ్గు సెస్సు 2014లో 100, మరుసటేడు 200, 2016లో 400 అయింది. ఝరియా గనులూ కట్టాయి, మన కొత్తగూడెం, రామగుండం గనులూ కట్టాయి. చివరికి ఆ భారం కరెంటు బిల్లుల్లోకి దిగింది. 2010-11 నుంచి 2017-18 దాకా వసూలైంది 86,440 కోట్లు. జాతీయ స్వచ్ఛ ఇంధన నిధికి చేరింది 29,645 కోట్లు, ప్రాజెక్టులకు అందింది 15,911 కోట్లు. రూపాయికి పద్దెనిమిది పైసలు! 2017 జులై నుంచి అదే 400 రూపాయలు జీఎస్టీ పరిహార సెస్సుగా మారి రాష్ట్రాల ఆదాయ లోటు పూడ్చడానికి, ఆ పరిహారం కోసం కొవిడ్ కాలంలో తెచ్చిన అప్పులు తీర్చడానికి పోయింది. 2025 సెప్టెంబరు 22న అదీ రద్దయి, బొగ్గు మీద జీఎస్టీ 5 నుంచి 18 శాతానికి పెరిగింది. మొత్తం మీద పెద్ద తేడా లేదులెమ్మని కొందరు సరిపెట్టుకున్నారు. లెక్క వేసి చూడండి. టన్ను 1,000 రూపాయల బొగ్గు మీద అంతకుముందు 450 పడేది, ఇప్పుడు 180. టన్ను 4,000 రూపాయలదాని మీద 600 పడేది, ఇప్పుడు 720. చవక బొగ్గుకు, అంటే సాధారణంగా బూడిద ఎక్కువుండే నాసిరకానికి పన్ను తగ్గింది, మేలురకానికి పెరిగింది. ఈ విడ్డూరం మీద ఒక్క పత్రమూ రాలేదు.

ఫలానా పన్నును ఫలానా ఖర్చుకు ముడిపెట్టడం ఆర్థికశాస్త్ర రీత్యా తప్పని మన పండితుల ఆక్షేపణ. మామూలు పన్ను విషయంలో ఒప్పుకుంటాను. సెస్సు సంగతి వేరు. రాజ్యాంగం 270వ అధికరణం దాన్ని రాష్ట్రాలతో పంచుకునే రాబడి నుంచి మినహాయించింది నిర్దిష్ట ప్రయోజనం కోసమనే కదా! ప్రయోజనాన్ని గాలికొదిలి మినహాయింపును మాత్రం అట్టిపెట్టుకోవడం ఏ శాస్త్రం? ధర పెరిగితే చాలు, వాడకం అదే తగ్గుతుంది, సొమ్ము ఎటు పోతేనేం అనేవాళ్లూ ఉన్నారు. చవక కరెంటును ముందు తీసుకునే మెరిట్ ఆర్డర్‌లో కొంత తేడా రావచ్చు, కాదనను. కానీ కరెంటు కొనుగోలు ఒప్పందాల ప్రకారం ఇంధన ఖర్చంతా డిస్కంల మీదికి బదిలీ అయ్యేచోట ఆ ధర ఎవరి చెయ్యి ఆపుతుంది? ప్రత్యేక నిధి పెడితే మురిగిపోతుందనే వాదనకు కాంపాను, అంటే పోయిన అడవికి బదులు మొక్కలు నాటడానికి పెట్టిన నిధిని చూపిస్తారు. ఆ సొమ్ము ఏళ్ల తరబడి మూలిగిన మాట నిజమే. అయితే మూలిగినా మిగిలింది. 2016 చట్టం తర్వాత, 2019లో 47,000 కోట్లకు పైగా రాష్ట్రాలకు చేరింది. దాంతో నాటిన మొక్కల్లో ఎన్ని బతికాయన్నది వేరే తగువు. ఆ తగువు పెట్టుకోవడానికైనా అక్కడొక పద్దు ఉంది.

ఇప్పుడు జీఎస్టీ కనుక రాష్ట్రాలకూ వాటా దక్కుతోందిగా అనవచ్చు. దక్కుతుంది, బొగ్గు వాడుకున్న రాష్ట్రానికి. తవ్విన ఊరికి కాదు. జిల్లా ఖనిజ నిధి ఉందంటారా? అది తవ్వకం సాగినన్నాళ్లే నిండే కుండ. గనులు మూతపడ్డాక బెల్లంపల్లి లాంటి ఊళ్లకు కావలసిన డబ్బు సరిగ్గా అప్పుడే ఆగిపోతుంది. సెస్సులో కొంతైనా అందుకు దాచి ఉండవలసింది. ఉన్న పథకాలకే పచ్చరంగు పూసి హరిత బడ్జెట్ అని అచ్చువేసే మిత్రులు దీన్ని పట్టించుకోరు. పేర్లెందుకు, ముందు వరసలోనే కూర్చున్నారు. కాగ్ నివేదికలు, ఆర్థిక పద్దులు పుట పుటా చదివే పిల్లలు ఒకరిద్దరున్నా వాళ్లకు మన సంఘం పైసా ఇవ్వదు, వాళ్ల పని సిద్ధాంతం కాదట. కార్యవర్గం ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను: వచ్చే ఏడు ఇచ్చే ఫెలోషిప్పుల్లో ఒకటి సింగరేణి ప్రాంతంలో వసూలైన బొగ్గు సెస్సుకు 2010 నుంచి 2025 దాకా లెక్క కట్టే పనికి కేటాయించండి.